చెవి వదిలేసేది, మైకు వదలనిది

మధ్యాహ్నం రెండింటికి తలుపు వేసుకుని కూర్చుంటే ఇల్లు సద్దుమణిగినట్టే ఉంటుంది. ఆ సమయం చూసుకుని ఒక కథో పాఠమో చదివి రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే మాత్రం అది మన ఇల్లేనా అనిపిస్తుంది. ఫ్యాను హోరు, వీధి మలుపులో ఆటో, పక్క ఫ్లాట్‌లో మిక్సీ, వాటి మధ్య డొల్లగా మోగుతున్న మన గొంతు. చదువుతున్నంతసేపూ ఇవేవీ మనకు వినపడలేదు. దాంతో తప్పంతా మైకు మీదకు పోతుంది. ఇంకాస్త ఖరీదైనది కొంటే సరిపోతుందనిపిస్తుంది.

పాపం, మైకు తన పని తాను సరిగ్గానే చేసింది. గదిలో ఉన్న చప్పుడంతా పట్టింది. వాటిని వినకుండా వదిలేసింది మనమే. ఎవరూ అడగకుండానే మన మెదడు ఆ పని చేసిపెట్టింది.

కొలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1953లో ఈ సంగతిని ప్రయోగాలతో చూపించారు. ఒకే మనిషి గొంతుతో చదివిన రెండు వేర్వేరు పాఠాలను కలిపి ఒకేసారి వినిపిస్తే, అందులోంచి ఒకదాన్ని విడదీసి పట్టుకోవడానికి శ్రోతలు నానా తంటాలు పడ్డారు. అలాంటి రెండు పాఠాలనే కుడి చెవికొకటి, ఎడమ చెవికొకటి వినిపించేసరికి అవలీలగా ఒకదాన్ని విని రెండోదాన్ని వదిలేశారు. పెళ్లి పందిట్లో మేళం మోగుతుండగా పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకోగలుగుతున్నామంటే రెండు చెవులూ, వాటి వెనుక ఉన్న మెదడూ కలిసి చేసే ఈ వడపోత వల్లే.

గోడల ప్రతిధ్వనినీ మెదడు ఇలాగే సర్దేస్తుంది. అసలు శబ్దం తర్వాత సుమారు 30 మిల్లీసెకన్లలోపు చెవిని చేరే ప్రతిధ్వనిని మనం విడిగా వినమనీ, అసలు శబ్దంలోనే కలిపేసుకుంటామనీ జర్మనీలో హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధనలో చూపించారు. ఇంట్లోని మామూలు గదిలో గోడలకు తగిలి తిరిగొచ్చే మొదటి ప్రతిధ్వనులన్నీ ఈ గడువులోపే వచ్చేస్తాయి. ఖాళీ గదిలో ఎవరినైనా మాట్లాడమని చెప్పి, ఒక చెవిని వేలితో గట్టిగా మూసుకుని వినండి. ఉన్నట్టుండి గది ఎక్కువ మోగుతున్నట్టు తెలుస్తుంది. ఒంటి చెవితో మెదడుకు ఆ వడపోత సరిగా సాగదు.

మైకుకు ఉన్నది ఆ ఒంటి చెవి మాత్రమే. కాబట్టి మెదడు చేసే పనిని మనం చేతులతో చేయాలి. ఏ దిక్కు నుంచి వినాలి, ఎంత దూరం నుంచి వినాలి, గది ఎంత మోగాలి అన్నవి రికార్డు బటన్ నొక్కకముందే తేల్చుకోవాలి. యూఎస్‌బీ మైకు కొనడంలోనైనా, వాడడంలోనైనా ఈ మూడే అసలు ప్రశ్నలు. పెట్టె మీద పెద్దక్షరాలతో అచ్చేసేవి మాత్రం వేరే సంగతులు.

ఆ గొట్టంలో ఏముంది?

స్టూడియోలో మైకు వేరు, దాని నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెంచే ప్రీయాంప్ వేరు, ఆ సంకేతాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్ వేరు. యూఎస్‌బీ మైకులో ఈ మూడూ ఒకే గొట్టంలో ఇమిడిపోతాయి. కంప్యూటర్ల కోసం యూఎస్‌బీ మొదటి ప్రమాణం 1996లో వచ్చింది. ఒకే తీగ మీద 5 వోల్టుల కరెంటూ, డేటా రెండూ నడవడం వల్ల మైకుకు విడిగా పవర్ సప్లై అక్కర్లేకుండా పోయింది. ల్యాప్‌టాప్‌కు గుచ్చగానే మైకు మేలుకుంటుంది.

గొట్టంలో ముందుండేది పల్చటి పొర. గాలిలోని ఒత్తిడి తరంగాలకు అది కంపిస్తుంది. ఆ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పద్ధతిని బట్టి ఇంటి మైకులు రెండు రకాలు. డైనమిక్ మైకులో పొర వెనుక సన్నటి తీగచుట్ట అతికించి ఉంటుంది. అది అయస్కాంతం మధ్య కదిలినప్పుడల్లా తీగలో కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది. కండెన్సర్ మైకులో పొర ఒక లోహపు పలకకు అతి దగ్గరగా ఉంటుంది. రెండింటి మధ్యా విద్యుదావేశం నిలిచి ఉంటుంది. పొర కదిలితే మధ్య ఖాళీ మారుతుంది, దాంతోపాటు వోల్టేజీ మారుతుంది. ఈ రకాన్ని 1916లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో ఎడ్వర్డ్ వెంటె రూపొందించారు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ ఆ విద్యుదావేశాన్ని ఒక పల్చటి ప్లాస్టిక్ పొరలోనే శాశ్వతంగా నిలిపి ఉంచే పద్ధతి కనిపెట్టారు. ఎలెక్ట్రెట్ మైకు అంటే అదే. దాంతో కండెన్సర్ మైకు చిన్నదైంది, చవకైంది, టెలిఫోన్లలోకీ టేప్ రికార్డర్లలోకీ దూరింది. ఇళ్లలో వాడే యూఎస్‌బీ కండెన్సర్ మైకుల్లోనూ చాలా వాటిలో ఉండేది ఎలెక్ట్రెట్టే.

కండెన్సర్ పొరకు తీగచుట్ట బరువు ఉండదు. అందుకే చిన్న చప్పుడుకీ, సన్నటి పై స్థాయి ధ్వనులకీ చురుగ్గా కదులుతుంది. ఒకే శబ్దానికి డైనమిక్ మైకు ఇచ్చే వోల్టేజీ ఒకటి రెండు మిల్లీవోల్టులైతే, కండెన్సర్ ఇచ్చేది దానికి అయిదారు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఇక్కడే ఒక అపోహ పుట్టింది. డైనమిక్ మైకు బయటి చప్పుళ్లను పట్టదనీ, కండెన్సర్ వీధి చివరి కుక్క అరుపును కూడా పడుతుందనీ అంటారు. రెండింటి దిశా లక్షణం ఒకటే అయి, రెండింటినీ నోటికి ఒకే దూరంలో పెడితే, గొంతుకూ ఫ్యాను చప్పుడుకూ మధ్య నిష్పత్తి రెండింటిలోనూ దాదాపు ఒకటే. డైనమిక్ మైకు శుభ్రంగా వినిపించడానికి కారణం, దాన్ని వాడేవాళ్లు అలవాటుగా నోటికి ఆనించినంత దగ్గర పెట్టుకోవడం. కండెన్సర్‌ను బల్ల మీద అల్లంత దూరాన నిలబెట్టి మాట్లాడతారు. తేడా తెచ్చేది దూరమే. అయినా డైనమిక్‌కు ఒక సుగుణం ఉంది. అది దగ్గరగా మాట్లాడక తప్పని పరిస్థితి కల్పిస్తుంది. రోడ్డు పక్క ఇల్లు, టైల్స్ గచ్చు, ఖాళీ గోడలు ఉన్నచోట ఆ క్రమశిక్షణే కాపాడుతుంది.

పెట్టె మీద అంకెలు

‘192 కిలోహెర్ట్జ్, 24 బిట్’ అని బంగారు రంగు అక్షరాలతో అచ్చేసి అమ్ముతుంటారు. ఈ అంకెల్లో మొదటిది సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలుస్తారన్నది. ఒక తరంగాన్ని నష్టం లేకుండా పట్టాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే చాలు. ఇది హ్యారీ నైక్విస్ట్, క్లాడ్ షానన్‌ల పేర్లతో నిలిచిన సిద్ధాంతం. ఆరోగ్యవంతమైన యువకుల చెవి వినగలిగేది 20,000 హెర్ట్జ్ దాకా. కాబట్టి సెకనుకు 48,000 సార్లు కొలిచే మైకు, చెవి పరిధి మొత్తాన్ని దాటి 24,000 హెర్ట్జ్ వరకూ పట్టేస్తుంది. ఆపై అంకెలతో కథ చదివేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. ఫైళ్లు మాత్రం ఉబ్బుతాయి.

రెండో అంకె ప్రతి కొలతా ఎంత సూక్ష్మంగా ఉంటుందో చెబుతుంది. 16 బిట్లయితే 65,536 మెట్లు, 24 బిట్లయితే 1,67,77,216 మెట్లు. ఒక్కో బిట్టుకూ సుమారు 6 డెసిబెల్‌ల పరిధి వస్తుంది కాబట్టి 16 బిట్లకే 96 డెసిబెల్‌లు దక్కుతాయి. నిశ్శబ్దంగా ఉందనుకునే పడకగదిలో రాత్రిపూట 30 డెసిబెల్‌ల చప్పుడు ఉండనే ఉంటుంది. మైకుకు దగ్గరగా పలికే మాట 80 డెసిబెల్‌ల దరిదాపుల్లో ఉంటుంది. ఈ రెండింటి మధ్యా ఉన్న 50 డెసిబెల్‌లను పట్టడానికి 16 బిట్లు పుష్కలం. 24 బిట్లతో ఒక సౌకర్యం ఉంది. గెయిన్, అంటే సంకేతాన్ని పెంచే మోతాదు, తక్కువ పెట్టి జాగ్రత్తగా రికార్డు చేసి, తర్వాత పెంచుకున్నా నాణ్యత చెడదు. ఆ సౌకర్యానికి అయ్యే ఖర్చూ తక్కువే. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో రికార్డింగ్ నిమిషానికి 8.6 మెగాబైట్లు.

నిజంగా చూడాల్సిన అంకె వేరే ఉంది. మైకులోని సర్క్యూటు తనంతట తాను పుట్టించే ‘సుయ్’ అనే హిస్‌ను సెల్ఫ్ నాయిస్ అంటారు. దాన్ని డెసిబెల్‌లలో చెబుతారు. మంచి స్టూడియో కండెన్సర్ మైకుల్లో అది 15 కంటే తక్కువే. చవక రకాల్లో 20 దాటుతుంది. చాలా యూఎస్‌బీ మైకుల పెట్టెల మీద ఈ అంకె కనపడదు. కనపడకపోవడమే ఒక సమాచారం అనుకోవచ్చు.

దిక్కు: వీపు ఎటు తిప్పాలి?

మైకు అన్ని వైపుల నుంచీ ఒకేలా వింటే దాన్ని ఓమ్నీ అంటారు. ఇంట్లో గొంతు రికార్డింగుకు ఎక్కువగా పనికొచ్చేది కార్డియాయిడ్. దాని సున్నితత్వాన్ని కాగితం మీద గీస్తే హృదయాకారం వస్తుంది. ముందు వైపు పూర్తిగా వింటుంది, పక్కల నుంచి వచ్చే శబ్దం సగానికి, అంటే 6 డెసిబెల్‌లు తగ్గుతుంది, సరిగ్గా వీపు వెనుక నుంచి వచ్చేది దాదాపు వినపడదు. ఆ వీపు ఎటు తిప్పాలన్నది నోరు ఎటుండాలన్నంత ముఖ్యం.

2009లో వచ్చిన బ్లూ యెటి మైకును తీసుకోండి. ఇళ్లలో పాడ్‌కాస్ట్‌లు చేసేవాళ్లలో ఎంతో పేరు తెచ్చుకున్న మైకు ఇది. 14 మిల్లీమీటర్ల కండెన్సర్ క్యాప్సూళ్లు మూడు లోపల ఉంటాయి. ఒక మీట తిప్పితే కార్డియాయిడ్, ఓమ్నీ, రెండు వైపులా వినే ద్విదిశ, స్టీరియో అని నాలుగు పద్ధతుల్లో పనిచేస్తుంది. అది 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ మైకే. అయినా దాంతో లెక్కలేనన్ని కార్యక్రమాలు తయారయ్యాయి. దాన్ని కొన్నవాళ్లు చేసే మొదటి పొరపాటు, పాటకచేరీ మైకులా దాని తల మీదకు వంగి మాట్లాడటం. యెటి వినేది పక్క నుంచి, లోగో ఉన్న ముఖం వైపు నుంచి. తల మీద మాట్లాడితే గొంతు దూరంగా, మసకగా వస్తుంది. ఏ మైకు కొన్నా అది తల నుంచి వినే రకమో పక్క నుంచి వినే రకమో మొదట తెలుసుకోవాలి.

ఇప్పుడు మన ఇళ్లలోని సీలింగ్ ఫ్యాను సంగతి. తల నుంచి వినే మైకును బల్ల మీద పొట్టి స్టాండుకు పెట్టి మూతిని పైకి, నోటి వైపు తిప్పుతారు. అంటే మైకు సూటిగా ఫ్యాను వైపే చూస్తోందన్నమాట. అదే మైకును పొడవాటి చేయి ఉన్న బూమ్ స్టాండుకు తగిలించి, ముఖం కంటే ఎత్తు నుంచి కిందికి, నోటి వైపు చూసేలా వంచితే దాని వీపు కప్పు వైపు తిరుగుతుంది. ఫ్యాను చప్పుడు నేరుగా వచ్చే దారి మూసుకుపోతుంది. గోడలకు తగిలి వచ్చేది మిగులుతుంది కాబట్టి ఫ్యాను ఆపగలిగితే ఆపడమే మేలు. మే నెలలో పూర్తిగా ఆపలేని ఇంట్లో మాత్రం ఈ వంపు చాలా పనికొస్తుంది. ల్యాప్‌టాప్ ఫ్యాను కూడా మైకు చూసే వైపు పడకుండా దాన్ని పక్కకు జరపాలి.

ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే ఇంటర్వ్యూకు ద్విదిశ పద్ధతి బాగుంటుంది. రెండు ముఖాల వైపూ వింటుంది, అటూ ఇటూ ఉన్న పక్కలను వదిలేస్తుంది. ఒకే కంప్యూటర్‌కు రెండు యూఎస్‌బీ మైకులు తగిలించడం కంటే ఇది సుఖం. ప్రతి యూఎస్‌బీ మైకులోనూ దాని సొంత గడియారం ఉంటుంది. రెండు గడియారాల మధ్య పది లక్షల్లో 50 వంతుల తేడా ఉందనుకుంటే, గంట గడిచేసరికి ఒక గొంతు ఇంకోదానికంటే 0.18 సెకను వెనకబడుతుంది. తరచూ ఇద్దరు ముగ్గురితో రికార్డు చేసేవాళ్లు ప్రీయాంప్‌నూ కన్వర్టర్‌నూ విడిగా ఒక పెట్టెలో ఉంచిన ఆడియో ఇంటర్‌ఫేస్, దానికి తగిలించే ఎక్స్‌ఎల్‌ఆర్ మైకుల వైపు వెళ్లడం మంచిది. ముందు ముందు అటు వెళ్లే ఆలోచన ఉంటే శామ్సన్ క్యూ2యు, షూర్ ఎంవీ7 లాంటి రెండు సాకెట్లూ ఉన్న మైకు ఇప్పుడే తీసుకోవచ్చు. యూఎస్‌బీకీ పనికొస్తుంది, ఎక్స్‌ఎల్‌ఆర్‌కీ పనికొస్తుంది.

దూరం: బెత్తెడా, జానెడా?

దూరం సగానికి తగ్గిస్తే మైకును చేరే గొంతు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల నుంచి 15 సెంటీమీటర్లకు వస్తే 12 డెసిబెల్‌లు. గదిలో పరచుకున్న ఫ్యాను హోరూ, గోడల మోతా మాత్రం దాదాపు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. కుర్చీ కాస్త ముందుకు జరపడం వల్ల వచ్చే ఈ 12 డెసిబెల్‌ల తేడాను డబ్బు పెట్టి కొనలేం. గెయిన్ మీట తిప్పితే వచ్చే ఫలితం ఇది కాదు. గెయిన్ పెంచితే గొంతుతోపాటు హోరూ అంతే పెరుగుతుంది.

అలాగని మైకును పెదాలకు తాకించకూడదు. కార్డియాయిడ్ మైకుకు మరీ దగ్గరైతే కింది స్థాయి ధ్వనులు ఉబ్బుతాయి. రేడియోలో అర్ధరాత్రి కార్యక్రమాల గంభీరమైన గొంతుల వెనుక ఈ ఉబ్బు కూడా కొంత ఉంటుంది. కొద్దిగా అయితే అందం, ఎక్కువైతే బురదబురదగా మాట తేలదు. బెత్తెడు కంటే దగ్గరకు రాకుండా, జానెడు కంటే దూరం పోకుండా ఉంటే చాలావరకు సరిపోతుంది. చదువుతున్నంతసేపూ ఆ దూరం మారకుండా చూసుకోవాలి. పుస్తకం బల్ల మీద ఉంటే తల వంగుతుంది, గొంతు మైకు నుంచి జారిపోతుంది. పుస్తకాన్నో ట్యాబ్‌నో మైకు పక్కన కళ్ల ఎత్తులో నిలబెట్టాలి.

దగ్గరకొచ్చేసరికి ఊపిరి అడ్డు తగులుతుంది. అరచేయి నోటి ముందు పెట్టి ‘ఫలం’, ‘భయం’, ‘పప్పు’ అని చూడండి. పెదాలు విడివడగానే గాలి చేతికి కొడుతుంది. అదే ‘మనం’, ‘నేల’ అంటే అంత గాలి రాదు. ఆ గాలి దెబ్బ మైకు పొరకు తగిలితే ‘ధబ్’మని కింది స్థాయి మోత వస్తుంది. తెలుగులో ప, బ లతోపాటు ఫ, భ లు కూడా ఉన్నాయి కాబట్టి మనకు ఈ బెడద గట్టిదే. నైలాన్ జాలీతో చేసే పాప్ ఫిల్టర్‌ను మైకుకు రెండు మూడు అంగుళాల ముందు పెడితే గాలి విరిగిపోతుంది, శబ్దం సాగిపోతుంది. ఇంకో ఉపాయానికి ఖర్చే లేదు. మైకును నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూలకు కాస్త పక్కగా పెట్టి, అది నోటి వైపే చూసేలా తిప్పాలి. గాలి ముక్కుసూటిగా పోతుంది, శబ్దం అన్ని వైపులా పరచుకుంటుంది. స, శ, ష ల ఈల కూడా ఆ వంపుతో కొంత మెత్తబడుతుంది. ‘శనివారం సంతలో సపోటాలు, బండి నిండా బొప్పాయి పళ్లు’ లాంటి వాక్యం ఒకటి పెట్టుకుని ప్రతిసారీ దాంతో పరీక్షించుకుంటే రెండు ఇబ్బందులూ ఒకేసారి బయటపడతాయి.

గది: సబైన్ దిండ్లు

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో పాఠం అర్థం కావడం లేదని గోల మొదలైంది. పలికిన మాట 5 సెకన్లకు పైగా గదిలోనే మోగుతోంది. దాన్ని బాగుచేసే పని వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిళ్లు, వీధులు నిద్రపోయాక, పక్కనున్న నాటకశాల కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి, గదిలో కొన్ని కొన్నిగా పేర్చుతూ, ఆర్గన్ గొట్టం ఊది, మోత ఆగేదాకా గడియారంతో కొలిచారు. గది ఘనపరిమాణం ఎక్కువైతే మోత పెరుగుతుంది, శబ్దాన్ని పీల్చే వస్తువులు ఎక్కువైతే తగ్గుతుంది అని ఆ దిండ్లు తేల్చాయి. ఆ సూత్రంతోనే 1900లో బోస్టన్ సింఫనీ హాలు కట్టారు. ఇప్పటికీ అది ప్రపంచంలోని మేటి సంగీత మందిరాల్లో ఒకటి.

ఆ సూత్రాన్ని మన ఇంట్లో పెట్టి చూద్దాం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు ఉన్న ఖాళీ గది ఘనపరిమాణం సుమారు 32 ఘనపు మీటర్లు. గోడలు, కప్పు, గచ్చు కలిపి 61 చదరపు మీటర్ల పైన ఉంటాయి. సిమెంటు పూత, పెయింటు, టైల్స్ తమ మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులు పీల్చుకుంటాయనుకుందాం. లెక్క కడితే మోత 2.8 సెకన్లు వస్తుంది. అదే గదిలోకి దూది పరుపు, దిండ్లు, మందపాటి కర్టెన్లు, బట్టలతో నిండిన తెరిచిన బీరువా తెచ్చి, మొత్తం పీల్చే శక్తిని 10 చదరపు మీటర్ల కిటికీ బార్లా తెరిచినంతకు పెంచితే మోత సగం సెకనుకు దిగుతుంది. చిన్న గదుల్లో ఈ సూత్రం ఉజ్జాయింపే. కానీ తేడా ఎంతటిదో తెలియడానికి చాలు.

దీనికీ దూరానికీ ముడి ఉంది. నోటి నుంచి ఎంత దూరం వెళ్తే నేరుగా వచ్చే గొంతూ, గది మోతా సమానమవుతాయో లెక్కించవచ్చు. అన్ని వైపులా వినే మైకైతే, ఆ ఖాళీ గదిలో అది సుమారు 19 సెంటీమీటర్లు. జానెడు దాటకముందే గది గొంతుతో సమానంగా వినపడుతుందన్నమాట. పరుపూ కర్టెన్లూ వచ్చాక ఆ దూరం సుమారు 45 సెంటీమీటర్లకు పెరుగుతుంది. కార్డియాయిడ్ మైకుతో ఇంకా పెరుగుతుంది.

అమెరికాలో చిత్రించిన వీడియోలు చూసి మైకు కొన్నవాళ్లకు ఇక్కడ ఆ ఫలితం రాకపోవడానికి కారణాల్లో ఇదొకటి. అక్కడి ఇళ్లు చాలావరకు కర్ర చట్రాల మీద జిప్సం బోర్డు బిగించి కట్టినవి, పడకగదుల్లో కార్పెట్లు మామూలు. పల్చటి బోర్డు గోడలు కింది స్థాయి మోతను కొంత పీల్చేస్తాయి, కార్పెట్ పై స్థాయి మోతను పీలుస్తుంది. ఇక్కడ ఇటుక గోడ, సిమెంటు పూత, గ్రానైటో టైల్సో పరిచిన గచ్చు. డాలస్‌లో ఉన్న మనవడి గదిలో బాగా పలికిన మైకే గుంటూరులో అమ్మమ్మ గదిలో డొల్లగా మోగుతుంది.

అంగుళం మందం నురుగు పలకలు గోడకు అంటిస్తే పోతుందనుకోవడం పొరపాటు. అవి సన్నటి పై స్థాయి ధ్వనులనే బాగా పీలుస్తాయి. మగగొంతు శ్రుతి ఉండే 100 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు మూడున్నర మీటర్లు. దానికి అంగుళం నురుగు లెక్కే కాదు. కోడిగుడ్ల అట్టలైతే మరీ దండగ. మందంగా, బరువుగా ఉండే పరుపు, బొంత, రగ్గు బాగా పనిచేస్తాయి. వాటిని గోడకు ఆనించకుండా అరడుగు ఎడంగా వేలాడదీస్తే ఇంకా కింది ధ్వనుల దాకా పీలుస్తాయి. అన్నీ ఒకేసారి సమకూరకపోతే ముందుగా మీ వీపు వెనుక గోడను కప్పండి. మైకు చూస్తున్నది మీ వైపు, అంటే మీ వెనకున్న గోడ వైపే.

ఒక్క సంగతి మరిచిపోకూడదు. బొంతలు గదిలోపలి మోతను తగ్గిస్తాయి, బయటి చప్పుడును ఆపవు. దాన్ని ఆపేది బరువైన తలుపు, సందుల్లేని కిటికీ. తలుపు కింది సందులో మడిచిన తువ్వాలు కుక్కితే తేడా తెలుస్తుంది. చెత్తబండి పాటా, కూరగాయల బండి మైకూ వచ్చే వేళలు తెలుసుకుని వాటికి దూరంగా రికార్డింగ్ పెట్టుకోవడం అన్నిటికంటే చవక.

గెయిన్, హెడ్‌ఫోన్, కరెంటు

డిజిటల్ రికార్డింగులో 0 డెసిబెల్ అంటే కప్పు. అంతకు మించి శబ్దం వస్తే తరంగం తల తెగిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని నమ్మకంగా అతికించలేదు. కథలో గట్టిగా అరిచే చోటు ముందుగా చదివి, ఆ అరుపు −12, −6 మధ్యలో ఆగేలా గెయిన్ పెట్టుకోవాలి. మామూలు మాట ఇంకా కిందే ఉంటుంది, ఉండనివ్వండి.

మొదలుపెట్టే ముందు మైకు జాలీ మీద గోటితో మెల్లగా గీకండి. రికార్డింగులో ‘గరగర’ వినపడకపోతే కంప్యూటర్ ఇంకా తన సొంత మైకుతోనే వింటోందన్నమాట. కొత్తవాళ్ల నిరాశల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. మీటింగ్ యాప్‌లూ, కంప్యూటర్ సెట్టింగులూ తమంతట తాము గెయిన్ పెంచి తగ్గించే సదుపాయాన్ని ఆపేయాలి. లేకపోతే మాటకూ మాటకూ మధ్య విరామంలో ఫ్యాను హోరు అలలా పైకి లేస్తుంది.

మైకు మీదే హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్నది కొనడం మంచిది. అక్కడ మన గొంతు కంప్యూటర్ దాకా పోకుండానే చెవికి వస్తుంది. కంప్యూటర్ లోంచి తిరిగొస్తే ఆలస్యమవుతుంది. తన గొంతు తనకే 0.2 సెకను ఆలస్యంగా వినపడితే మనిషి తడబడతాడని, నత్తిగా మాట్లాడతాడని బెర్నార్డ్ లీ 1950లోనే చూపించారు. అంతకంటే తక్కువ ఆలస్యం కూడా చదువు లయను పాడుచేస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని చదివితే మెదడు దాచిపెట్టేదంతా అప్పటికప్పుడే వినపడుతుంది. ఫ్రిజ్ మొదలైతే తెలుస్తుంది, దూరం జరిగితే తెలుస్తుంది.

‘గుమ్మ్’మని సన్నటి మోత ఆగకుండా వస్తుంటే అది మన 50 హెర్ట్జ్ కరెంటు మోత కావచ్చు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి, బ్యాటరీ మీద పెట్టి చూడండి. ఆగితే దోషం చార్జర్ దారిదే. హబ్‌లో కాకుండా కంప్యూటర్ సాకెట్‌లోనే మైకును నేరుగా గుచ్చడం, కరెంటు తీగలకు దూరంగా దాని తీగను నడపడం మేలు. 80 హెర్ట్జ్ కింద కోసేసే ఫిల్టర్ ఉంటే ఆ మోతా, బల్ల మీద చేయి తగిలిన ధబధబలూ చాలావరకు పోతాయి, గొంతుకు నష్టం ఉండదు.

తర్వాత కడుక్కోవచ్చా?

1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలై, మరుసటి ఏడాది అందరికీ ఉచితంగా అందిన ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్లలో హోరు తగ్గించే పరికరం ఉంటుంది. రికార్డింగు మొదట్లో ఏమీ మాట్లాడకుండా కొన్ని సెకన్లు వదిలితే, ఆ ఖాళీని నమూనాగా తీసుకుని అలాంటి చప్పుడును మిగతా అంతటా తగ్గిస్తుంది. ఫ్యాను, ఏసీ లాంటి ఎడతెగని హోరుకు ఇది బాగానే పనిచేస్తుంది. అతిగా వాడితే గొంతు నీళ్లలో నానినట్టు చెమ్మగిల్లుతుంది. కుక్కర్ విజిల్‌కు పనికిరాదు. గది మోతకు అసలే పనికిరాదు. హోరు గొంతుకు పక్కన ఉంటుంది. మోత గొంతులోంచే పుట్టి, పాలలో నీళ్లలా దానిలోనే కలిసిపోతుంది. ఇప్పటి ఏఐ పరికరాలు దాన్ని కూడా విడదీస్తామంటాయి. అవి చేసేది చాలావరకు ఊహించి నింపడం, ఆ ఊహలో అప్పుడప్పుడు హల్లులు నలుగుతాయి. ఏం శుభ్రం చేసినా అసలు రికార్డింగును విడిగా దాచుకోవాలి.

మైకు పెట్టె విప్పిన రోజే ఒక పరీక్ష పెట్టుకోండి. ఒకే పేరాను ఒకే గెయిన్‌తో మూడు రకాలుగా చదవండి. మొదట బల్ల మీద మూరెడు దూరంలో, తర్వాత జానెడు దూరంలో, చివరికి అదే జానెడు దూరంలోనే తెరిచిన బట్టల బీరువాకు వీపు ఆనించి. మూడింటినీ ఒకే గట్టిదనానికి సరిచేసి హెడ్‌ఫోన్‌లో వరసగా వినండి. ఏ మెట్టు దగ్గర ఎంత మెరుగైందో చెవికే తెలిసిపోతుంది, తర్వాతి డబ్బు దేని మీద పెట్టాలో కూడా ఆ మూడు రికార్డింగులే చెబుతాయి. చాలా ఇళ్లలో ఆ జాబితాలో రెండో మైకు ఉండదు. ఒక బూమ్ స్టాండు, ఒక పాప్ ఫిల్టర్, కిటికీకి మందపాటి కర్టెన్లు ఉంటాయి.